మొహం తిప్పుకున్న చీర

హిందూపురంలో మా చీరల కొట్టుకు వచ్చే ఆడవాళ్ళకు నేను ఏడాదికి పైగా ఒకే అబద్ధం చెప్పాను. రామా గ్రీన్ రంగు చూపించమని అడిగితే చాలు, అయిపోయిందమ్మా, మళ్ళీ వారం వస్తాది అనేదాన్ని. అయిపోలేదు. పై అరలో వరుసగా ఆరు చీరలు నా నెత్తి మీదే ఉన్నాయి. వాటిని తీయాలంటే తల పైకెత్తాలి. తల పైకెత్తితే కొట్టు మొత్తం ఒక పక్కకు ఒరిగినట్టయ్యేది. అందుకని ఆ రంగు మా కొట్టులో లేకుండా పోయింది.

ఒకరోజు మా ఆయన ఆ అర దులుపుతూ, ఈ రంగు ఒక్కటి కూడా కదల్లేదే, ఎవరూ అడగడం లేదా అన్నాడు. లేదు, ఇప్పటి పిల్లలకు అది నచ్చడం లేదు అన్నాను, తొణక్కుండా. తాతల నాటి నుంచి చీరలమ్మే ఇంట్లో పుట్టిన మనిషి నా మాట నమ్మి ఆ రంగు తెప్పించడమే మానేశాడు. ఇప్పుడు ఆ సంగతి ఎత్తితే ఇద్దరం నవ్వుకుంటాం. అప్పట్లో నాకు నవ్వు రాలేదు.

ఇదంతా ఐదేళ్ళ కిందట ఒక పొద్దున మొదలైంది. పడకలో ఎడమ పక్కకు తిరిగాను, అంతే, గది గిర్రున తిరిగింది. ఫ్యాను తిరుగుతోంది, దాన్ని చూసి అలా అనిపిస్తోందేమో అనుకున్నాను. చూస్తే కరెంటు లేదు, ఫ్యాను ఆగే ఉంది. పరుపును రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. పడుకున్న దాన్ని ఇంక ఎక్కడికి పడతాను అని ఒకపక్క అనుకుంటూనే, ఇంకోపక్క పడిపోతానని వణికాను. వాంతి అయింది. మా ఆయన ఆటో పిలిచాడు.

ఒకరు బీపీ అన్నారు, ఒకరు మెడ ఎముక అరిగిందన్నారు. చివరికి చెవి డాక్టరమ్మ దగ్గర తేలింది. లోపలి చెవిలో ఇసుక రేణువుల్లాంటివి ఉంటాయట, అవి ఉండాల్సిన చోటు నుంచి జరిగి పక్క గొట్టంలోకి పోయాయట. ఆ డాక్టరమ్మ వయసులో నా కూతురంత ఉంటుంది. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, తల ఇటు తిప్పి అటు తిప్పి, లేపి కూర్చోబెట్టింది. మధ్యలో లోకం ఒకసారి బోర్లా పడింది, తర్వాత నిలబడింది. ఇంతేనా అని ఆమెకు దండం పెట్టి, దారిలో వేడివేడి ఓళిగలు కట్టించుకుని ఇంటికొచ్చాను.

గది తిరగడం మళ్ళీ రాలేదు. కానీ ఏదో మిగిలిపోయింది. నిలబడితే కాళ్ళ కింద నేల పరుపులా మెత్తగా ఉండేది. నడిచి ఆగితే, నేను ఆగినా తల లోపల ఏదో ఇంకా నడుస్తూనే ఉండేది. కదిలేవి, మెరిసేవి, గళ్ళు గళ్ళుగా ఉండేవి చూస్తే ఎక్కువయ్యేది. చీరల కొట్టు నడిపే దాన్ని వెతుక్కుంటూ వచ్చినట్టే వచ్చింది ఈ జబ్బు.

ఎవరూ ఒకరోజు తీరిగ్గా కూర్చుని, రేపటి నుంచి ఫలానా పనులు మానేస్తానని నిర్ణయించుకోరు. ఒక్కోటీ దానంతట అదే జారిపోతుంది. జారిన ప్రతిదానికీ మన దగ్గర ఒక మంచి కారణం సిద్ధంగా ఉంటుంది. నాకు మొదట ఎడమ పక్కకు పడుకోవడం పోయింది. మూడు దిండ్లు ఎత్తు పెట్టుకుని, కూర్చున్నట్టే పడుకునేదాన్ని. తల వంచి నీళ్ళు పోసుకోవడం పోయింది. మా ఆయన వెనక నిలబడి చెంబుతో పోసేవాడు, షాంపూ అంతా నా కళ్ళలోకే పంపేవాడు, నేను తిట్టేదాన్ని, ఆయన ఇంకో చెంబు పోసేవాడు. ఆ తర్వాత కూరగాయల మార్కెట్టు పోయింది. అక్కడ మనుషులు ఎదురుగా వస్తారు, పక్కల నుంచి వస్తారు, తలల మీద గంపలు వస్తాయి. అవన్నీ ఒకేసారి నా మీదికే వస్తున్నట్టుండేది. ఇంటి ముందుకే తోపుడు బండి వస్తుంటే అంత దూరం ఎందుకు అన్నాను. ఆ బండి మీది వంకాయలు సగం పుచ్చులే, అయినా నోరు మూసుకుని కొన్నాను. గుడికి పోతే ప్రదక్షిణలు మానేసి గడప దగ్గరే దండం పెట్టుకునేదాన్ని. దేవుడికి నా సంగతి తెలుసులే అని సర్దుకున్నాను. మనుషులకు మాత్రం తెలియకుండా చూసుకున్నాను.

పెళ్ళిళ్ళకు పోక తప్పదు కదా. ఫంక్షన్ హాళ్ళలో నేల అద్దంలా మెరుస్తుంటుంది, పైన లైట్లు పరుగులు పెడుతుంటాయి. లోపలికి అడుగు పెట్టగానే గోడ పక్కన కుర్చీ ఒకటి చూసుకుని, తాంబూలం ఇచ్చేదాకా దాన్ని వదిలేదాన్ని కాదు. వీధిలోనూ గోడల్ని తాకుతూ నడిచేదాన్ని. మా ఎదురింటామె ఒకసారి ఆపి మరీ అడిగింది, ఏమక్కా, అందరి గోడలూ నిమిరి చూస్తాండావు, సున్నం పని ఏమన్నా పట్టుకున్నావా అని.

అందరికీ మోకాళ్ళ నొప్పులని చెప్పాను. మోకాళ్ళ నొప్పికి లోకంలో మర్యాద ఉంది. మోకాళ్ళంటే కుర్చీ వేస్తారు, మంచినీళ్ళిస్తారు. తల తిరుగుతోందంటే మాత్రం మొహంలోకి తేరిపార చూస్తారు. వయసులో ఉన్న పిల్లయితే ఏమన్నా విశేషమా అంటారు. మగవాడైతే పొద్దున్నే ఏం తాగినావప్పా అంటారు. నా వయసు ఆడదానికైతే సరిగ్గా తినడం లేదని తేలుస్తారు, నన్ను చూస్తే తినని మనిషిలా ఉన్నానా అని కూడా ఆలోచించరు. ఒకే ఒక్కసారి నిజం చెప్పి చూశాను, కొట్టుకు వచ్చిన ఒక పాత ఖాతాదారుతో. ఆమె వెంటనే లేచి, మా తమ్మునికీ ఇట్లే ఉండె, ఒక్క తిప్పుతో పోయిందని చెప్పి, నేను వద్దంటున్నా వినకుండా నా తలను రెండు చేతులతో పట్టుకుని గిరుక్కున తిప్పబోయింది. నేను పెట్టిన కేకకు పక్క కొట్టు వాళ్ళు వచ్చారు. ఆమె మళ్ళీ మా కొట్టు మెట్టు ఎక్కలేదు. పోతే పోయిందిలే.

నేను మానేసిన వాటన్నిటిలో నన్ను కాల్చుకు తిన్నది ధర్మవరం. మా అక్క ఉండేది అక్కడ. మేమిద్దరం మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాళ్ళం. అక్కను మళ్ళీ మగ్గం ఉన్న ఇంటికే ఇచ్చారు, నన్ను చీరలమ్మే ఇంటికి ఇచ్చారు. బావ నేస్తాడు, అక్క దారం పని చూస్తుంది, నేను అమ్ముతాను. పాతికేళ్ళుగా నెలకొకసారి పొద్దున రైలెక్కి ధర్మవరం పోయి, బావ నేసిన చీరలు చూసి తీసుకుని, అక్క వండింది తిని, సాయంత్రం రైలుకు వచ్చేసేదాన్ని. వ్యాపారం పైకి చెప్పుకునే మాట. నేను పోయేది అక్కతో కలిసి చీరలు మడత పెట్టడానికి. ఆ కొస అక్క, ఈ కొస నేను పట్టుకుని, నడిచి దగ్గరికొచ్చి, కొసలు కలిపి మళ్ళీ వెనక్కి పోవడం. దగ్గరికొచ్చినప్పుడల్లా ఒక సంగతి చెప్పుకునేవాళ్ళం. మా అమ్మ పోయిన నెలలో మేము మనసారా ఏడ్చింది కూడా అలా ఒక చీర మడత పెడుతూనే.

చీరలు చూడటానికి మాకొక పద్ధతి ఉంది. నేసినవాడు చీరను రెండు చేతులతో పట్టుకుని ఒక్క విసురుతో చాప మీద పరుస్తాడు. కొనేవాళ్ళు అంచును బొటనవేలితో రుద్ది చూస్తారు, తిరగేసి వెనక జరీ చూస్తారు. నచ్చితే బాగుందని అనరు, అంటే ధర పెరుగుతుంది. నచ్చకపోతే బాగలేదనీ అనరు. రోజుల తరబడి మగ్గం గుంటలో కూర్చుని నేసిన మనిషి ముందు ఆ మాట నోటితో అనకూడదు. ఊరికే మొహం పక్కకు తిప్పుకుంటారు. నేతగాడు చీర మడిచేస్తాడు, ఆ చీర గురించి ఇక మాట ఉండదు. మా నాయన అలా మడిచేసిన చీరలు కొన్ని నాకు ఇప్పటికీ గుర్తే. ఆ రోజు ఆయన రాత్రికి అన్నం వద్దనేవాడు.

తల తిరుగుడు పట్టుకున్న రెండో ఏట ఒకసారి ధర్మవరం పోయాను. రైల్లో కిటికీ వైపు చూడకుండా, ఎదుటి సీటుకున్న మరమేకు ఒకదాన్ని గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నాను. అక్కడికి చేరేసరికే సత్తువంతా పోయింది. బావ ఆ రోజు ఎప్పుడూ లేనంత హుషారుగా ఉన్నాడు. ఎవరో ఇచ్చిన డిజైను కాకుండా, తనంతట తాను గ్రాఫు కాగితం మీద గీసుకుని ఒక చీర నేశాడు. నిలువు దారం పడుగు ఒక రంగు, అడ్డం దారం పేక ఇంకో రంగు, ఒళ్ళంతా చిన్న చిన్న గళ్ళు, ప్రతి గడిలో ఒక జరీ చుక్క. మరదలు చూశాకే ఇంకెవరికైనా చూపిస్తానని దాచిపెట్టాడని అక్క చెప్పింది. చెబుతూ అక్క కూడా మురిసిపోయింది.

బావ చీర విసిరాడు. వేల గళ్ళు ఒక్కసారిగా నా మీదికి పరుగెత్తుకొచ్చాయి. గది కదిలింది. నేను కళ్ళు మూసుకుని, చేత్తో గోడ పట్టుకుని, మొహం గోడ వైపు తిప్పుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి బావ అంచుకు అంచు కలిపి చీర మడిచేస్తున్నాడు. అప్పుడు నేను నోరు తెరవాల్సింది. తెరిస్తే వాంతి అవుతుందేమోనని భయం. పైగా మోకాళ్ళ నొప్పుల కథ అక్కకూ చెప్పి ఉన్నాను. తర్వాత చెప్దాంలే అనుకున్నాను. అక్క అన్నం పెట్టింది గానీ పక్కన కూర్చోలేదు. మడత పెట్టడానికి చీరలు కూడా ఏమీ లేవంది. నా తిప్పల్లో నాకు అదేమీ పట్టలేదు, ఎప్పుడు ఇల్లు చేరతానా అనే ధ్యాసే తప్ప.

ఆ తర్వాత నేను ధర్మవరం పోలేదు. ఈ నెల పెళ్ళిళ్ళ సీజను, వచ్చే నెల ఎండలు, ఆ పై నెల వానలు. నా బదులు మా ఆయన పోయేవాడు. కొన్నాళ్ళకు బావ చీరలు వేరే కొట్టుకు పోతున్నాయని తెలిసింది. అక్క ఫోన్లు తగ్గాయి. ఎప్పుడైనా చేసినా బాగుండావా, బాగుండా, తింటివా, తింటి, అంతటితో సరి. నేను రావడం లేదని అక్క అలిగిందనుకున్నాను. నేనేమన్నా సుఖపడి మానేశానా, అడగాల్సిన పని లేదా అని నేనూ బిగుసుకున్నాను. నా కోపం ఎప్పుడూ ఇలా పనికిరాని చోటే బాగా పనిచేస్తుంది. అలా రెండేళ్ళు గడిచాయి.

పోయిన ఏడాది ఒక సాయంత్రం మా ఆయన ధర్మవరం నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా రెండు సంగతులు చెప్పాడు. బావ మగ్గం మానేస్తున్నాడట. చూపు ఆనడం లేదు, నడుము నిలవడం లేదు, ఇప్పుడు మగ్గం మీదున్న పడుగు అయిపోగానే మగ్గం విప్పేసి, గుంట పూడ్పించేస్తాడట. ఇది ఒకటి. చివరి పడుగు కదా, ఒక్క చీరైనా మా కొట్టుకు ఇవ్వమని మా ఆయన అడిగితే బావ అన్న మాట రెండోది.

"నీ పెండ్లాము నా చీరను చూసి మొగం తిప్పుకునె. మల్ల ఆయమ్మకు నేనేం పంపేదప్పా."

మా ఆయనకు అర్థం కాలేదు. నాకు అయ్యింది. చేతిలో ఉన్న జాకెట్టు గుడ్డ అలాగే పట్టుకుని ఉండిపోయాను. నేతగాడి కడుపున పుట్టి, పాతికేళ్ళు చీరలమ్మి, ఆ రోజు నేను చేసిందేమిటో రెండేళ్ళ దాకా నాకు తట్టనే లేదు. నా తల గురించి అంత దిగులు పడ్డదాన్ని, ఆ తల పక్కకు తిరిగితే ఎదుటి మనిషి ఏమైపోతాడో చూడలేదు. చెప్పలేనంత సిగ్గేసింది.

వెంటనే అక్కకు ఫోన్ చేశాను. చీర నచ్చక కాదక్కా, తల తిరిగి అని మొదలుపెట్టి ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పాను. అక్క చివరిదాకా వింది.

"అప్పుడు మోకాళ్ళంటివి, ఇప్పుడు తలంటాండావు. యాడ నొప్పో ముందు నువ్వు తేల్చుకో" అని ఫోన్ పెట్టేసింది.

మొదట కోపం వచ్చింది. తర్వాత, అక్క నోరు అక్క నోరే అని నవ్వొచ్చింది. ఆ పైన ఏడుపు ఆగలేదు. అబద్ధం నాటింది నేనే, ఇప్పుడది చెట్టయ్యి అక్క వాకిట్లో నిలబడింది. ఇక ఇది ఫోన్లో తేలేది కాదు. పోవాలి, ఆ మగ్గం విప్పేలోపే పోవాలి. బావ మనసు విరిగిన చోటే అది, ఆ గుంట పూడ్చేశాక నేను పోయి ఎన్ని చెప్పినా కబుర్లే అవుతాయి. పడుగులో మూడు చీరలు వస్తాయి, అప్పటికే ఒకటి కోసేశారు. మహా అయితే నాకు నెల రోజులుంది.

నెలలో ధర్మవరం పోవాలి. నేనేమో వీధి చివరి మార్కెట్టుకు పోలేని దాన్ని. మళ్ళీ చెవి డాక్టరమ్మ దగ్గరికి పోయి, ఈసారి మోకాళ్ళ ఊసెత్తకుండా ఉన్నదున్నట్టు చెప్పాను. ఏమేం మానేశారు అని అడిగింది. చెబుతూ పోతుంటే నాకే విడ్డూరంగా ఉంది. ఆమె వేళ్ళు మడుస్తూ వింటోంది, రెండు చేతుల వేళ్ళూ అయిపోయినా నా జాబితా అవలేదు. చెవి ఎప్పుడో బాగైపోయింది, కానీ ఆ పొద్దున పడ్డ భయాన్ని మీ తల ఇంకా వదల్లేదు, కదలిక కనిపిస్తే చాలు కాపలా కుక్కలా లేస్తోంది అంది. మనం ఒక్కో పని మానేసిన కొద్దీ, అది నిజంగానే ప్రమాదమని తలకు నూరిపోసినట్టే అవుతుందట. కొంచెం కొంచెంగా మళ్ళీ మొదలుపెట్టమంది. తల తిరుగుతుంది, తిరగనివ్వండి, పడిపోరు అంది. తగ్గాక పోదామని కూర్చుంటే తగ్గదట, పోతూ ఉంటేనే తగ్గుతుందట. పూర్తిగా పోతుందా అని అడిగాను. పోవచ్చు, కొంచెం మిగలొచ్చు, దానికోసం మీరు ఇంట్లో కూర్చోనక్కర్లేదు అంది. అరచేతిలో వైకుంఠం చూపించని ఆ జవాబు నాకు నచ్చింది.

మొదట పై అరతో మొదలుపెట్టాను. బల్ల పట్టుకుని నిలబడి, తల ఎత్తి, రామా గ్రీన్ చీరల వైపు చూడటం. తొలిరోజు మూడు లెక్కపెట్టేంతలో దించేశాను. ఏం చేస్తున్నావు అని మా ఆయన అడిగితే, ఏడాది నాటి అబద్ధం కూడా కలిపి మొత్తం చెప్పేశాను. ఆయన చాలాసేపు ఆలోచించి, అయితే ఆ రంగు జనం అడుగుతున్నారన్నమాట అన్నాడు. పెళ్ళానికి ఏమైందోనని కాదు, రంగు అడుగుతున్నారట. కానీ మరుసటి రోజు నుంచి నేను తల ఎత్తినప్పుడల్లా, చెప్పకుండానే వచ్చి నా వెనక నిలబడేవాడు. పట్టుకునేవాడు కాదు, ఊరికే నిలబడేవాడు. వారానికి నా చేత్తోనే ఆ చీర దించి ఒకామెకు చూపించాను.

మార్కెట్టుకు ముందు మధ్యాహ్నం పోయాను, జనం పలచగా ఉన్నప్పుడు. తర్వాత పొద్దున్నే పోయాను. తల తిరిగితే ఒక రాశి దగ్గర నిలబడి వంకాయలు ఏరుతున్నట్టు కాసేపు ఆగేదాన్ని. ఆగి ఆగి ఏరినందుకేమో, మంచి వంకాయలు దొరికాయి.

మూడో వారం పెనుకొండ. ధర్మవరం దాకా ఒక్క ఊపున పోలేనని, సగం దారిలో ఉన్న ఊరిని పెట్టుకున్నాను. బస్సులో పెనుకొండ పోవడం, దిగి టీ తాగడం, తిరిగి రావడం. మా ఆయన తోడొస్తానంటే కొట్టు చూసుకోమన్నాను. ఈసారి మేకులు వెతుక్కోలేదు, కిటికీ బయటికే చూశాను. చెట్లు వెనక్కి పరుగెత్తాయి, చెమటలు పట్టాయి. పక్కన రొద్దం పోయే అవ్వ ఒకామె కూర్చుని ఉంది. ఏమ్మా, ఇట్ల చెమట పోస్తాండాదే అని అడిగింది. మోకాళ్ళు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, నాకు తల తిరుగుతాది అవ్వా అన్నాను. తిన్నావా అనలేదు, ఏ పసరూ చెప్పలేదు. తిరగనీలే, నేనుండా గదా అని తన భుజం నా వైపు కొంచెం జరిపింది. పెనుకొండ దాకా ఆ భుజానికి ఆనుకునే కూర్చున్నాను. నిజం చెప్పడం ఇంత తేలికని తెలిస్తే రెండేళ్ళ ముందే చెప్పి ఏడ్చేదాన్ని.

పెనుకొండలో దిగి, టీ గ్లాసు చేత్తో పట్టుకుని, కొండ వైపు చూశాను. పాతికేళ్ళు ఈ దారిలోనే రైల్లో పోయినా, ఈ జబ్బు పట్టుకున్నాక ఆ కొండను తల ఎత్తి చూసిందే లేదు. నిదానంగా తల ఎత్తుకుంటూ పోయాను. బండలు, పొదలు, పాత కోట గోడ, ఆపైన ఆకాశం. కొండ కొంచెం ఊగింది. ఊగి, తన చోట తాను నిలబడింది. టీ చల్లారిపోయింది గానీ దాన్ని తాగినంత తృప్తిగా ఈ మధ్య ఏదీ తాగలేదు.

నాకు పూర్తిగా తగ్గిందని ఎవరూ అనుకోవద్దు. ఇప్పటికీ కొన్ని రోజులు నేల మెత్తబడుతుంది. బెంగుళూరులో కదిలే మెట్ల ముందు నిలబడితే ఇప్పటికీ నా అంత పిరికిది ఉండదు. కానీ ప్రదక్షిణలు చేస్తున్నాను, ఎడమ పక్కకు పడుకుంటున్నాను, తలకు నేనే పోసుకుంటున్నాను. మా ఆయనకు ఆ చెంబు పని పోయినందుకు కాస్త బెంగగా ఉన్నట్టుంది. మొత్తం మీద సుఖంగానే ఉన్నాను.

నాలుగో వారం రైలెక్కాను. చివరి చీర మగ్గం మీదుందని మా ఆయన కనుక్కుని చెప్పాడు. ధర్మవరంలో ఆటో దిగి వీధి మలుపు తిరగగానే మగ్గాల చప్పుడు వినబడింది. గోడల్ని తాకకుండా వీధి మధ్యలో నడిచాను. అక్క వాకిట్లో కూర్చుని కండెకు దారం చుడుతోంది. నన్ను చూసి, వచ్చినావా అంది. నవ్వలేదు, లేవలేదు, లోపలికి పొమ్మని తల ఊపింది.

లోపల బావ గుంటలో కూర్చుని నేస్తున్నాడు. నేనొచ్చినట్టు తెలిసినా తల ఎత్తలేదు. పేక దారం మోసే నాడె ఈ పక్క నుంచి ఆ పక్కకు, ఆ పక్క నుంచి ఈ పక్కకు పోతోంది. ఒకప్పటిలా అయితే దానికి వీపు పెట్టి కూర్చునేదాన్ని. ఈసారి ఎదురుగా నిలబడి చూశాను. పది పేకలు పడేసరికి నేల మెత్తబడింది, ఒంట్లోంచి చెమట కారింది. గోడ చేతికి అందేంత దూరంలోనే ఉంది, పట్టుకోలేదు. అక్క నా వెనకే వచ్చి నిలబడింది.

"అక్కా, ఇప్పుడు తిరుగుతాండాది. చూడు, ఇట్లే ఉంటాది నాకు" అన్నాను.

అక్క నా మొహం చూసింది. చెయ్యి పట్టుకుంది. నా చెయ్యి మంచులా ఉందని తర్వాత చెప్పింది. ఎంతసేపుంటాది అని అడిగితే, వస్తాది, పోతాది, పడిపోను అన్నాను. పడతావో పడవో నాకు చెప్పొద్దని గదమాయించి, చాప లాగి నన్ను కూర్చోబెట్టింది. ఆ గదమాయింపు విని నా ప్రాణం లేచొచ్చింది. రెండేళ్ళుగా అక్క నన్ను ఇలా తిట్టనే లేదు.

మగ్గం ఆగింది. బావ నా వైపు చూశాడు.

"ఆ పొద్దు గూడా ఇట్లేనా?"

"ఇట్లే బావా. నేను నీ చీర చూడనే లేదు."

బావ గుంట అంచు మీద రెండు చేతులూ ఆనించి, నడుము పట్టుకుని, నిదానంగా పైకొచ్చాడు. లోపలి గదిలోకి పోయి తెల్లగుడ్డ మూట ఒకటి తెచ్చాడు. చూడగానే తెలిసింది నాకు. ఇది ఎవరికీ ఇయ్యలేదా అని అక్కను అడిగాను. ఇంటి మనిషే వద్దన్న చీర ఎవరికిస్తాడే, ఇంకొకరి కంట పడనీలేదు అంది అక్క. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు.

బావ చీర చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నలభై ఏళ్ళు చీరలు విసిరి పరిచిన మనిషికి, ఇప్పుడు ఏం చేయాలో తెలియలేదు. నీకు ఎట్ల చూపియ్యల్ల అని అడిగాడు. విసరొద్దు బావా అన్నాను.

ఆయన నా ముందు చాప మీద కూర్చున్నాడు. ఒక మడత విప్పి, అరచేత్తో చదును చేసి, నేను తల ఊపేదాకా ఆగాడు. తర్వాత ఇంకో మడత. ఆ కొస అక్క పట్టుకుంది. వంకాయ రంగు పడుగు, పసుపు పేక. నేరుగా చూస్తే ఒక రంగు, పక్క నుంచి చూస్తే ఇంకొకటి. గోరంత గళ్ళు, గడికొక జరీ చుక్క. ఒక్క చుక్క కూడా పక్కకు జరగలేదు. మధ్యలో రెండుసార్లు గళ్ళు కదిలాయి. కళ్ళు మూయకుండా కాసేపు ఆగాను, అవే నిలబడ్డాయి. నేను ఆగినప్పుడు బావ కూడా ఆగాడు. కొంగు దాకా వచ్చేసరికి అక్క పొయ్యి మీద పెట్టిన అన్నం మాడు వాసన వచ్చింది, ఎవరమూ లేవలేదు.

అంచును బొటనవేలితో రుద్దాను. తిరగేసి వెనక జరీ చూశాను. ఇక నేను ఏమీ అనకూడదు, పద్ధతి అది. పాతికేళ్ళలో బావ నేసినవి వందల చీరలు చూశాను, ఒక్కదాన్ని కూడా నోరారా మెచ్చుకున్నది లేదు.

"బాగుండాది బావా" అన్నాను. "చానా బాగుండాది."

బావ చేతులు చీర మీదే ఆగిపోయాయి. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

అక్క ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఏమయ్యా, నీగ్గూడా తల తిరుగుతాండాదా?" అని అడిగింది.